ఓటు పెట్టె కొండ కింద ఎందుకు ఆగింది?



ఎలక్షన్లు వస్తున్నాయంటే మనకు ఓటు విలువ చెప్పడానికి చాలామంది వస్తారు. ఓటు వజ్రాయుధం అంటారు. వెయ్యకపోతే బాధ్యత లేనివాళ్ళం అంటారు. పోలింగ్ శాతం తగ్గితే "గిరిజనుల్లో చైతన్యం లేదు" అని రాసేస్తారు. సరే, ఒక్క ప్రశ్న అడుగుదాం. ఓటెయ్యాల్సిన చోటు ఎక్కడుండాలో ఎవరు తేల్చారు? ఆ మాట మన గూడేన్ని ఎవరైనా ఎప్పుడైనా అడిగారా?

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఒక బడి గది, రెండు బల్లలు, ఒక మిషను, నలుగురు ఉద్యోగులు, ఇద్దరు పోలీసులు. అంతేగా అనిపిస్తుంది. కానీ ఆ గది గెడ్డకు ఇవతల ఉందా, అవతల ఉందా అన్నదాన్ని బట్టే మీ అవ్వ ఓటేస్తుందో లేదో తేలిపోతుంది. చట్టం ఇచ్చిన హక్కుని కొట్టెయ్యాలంటే చట్టం మార్చనక్కర్లేదు. పెట్టెను నాలుగు కిలోమీటర్లు జరిపితే చాలు.

ఈ సంగతి అర్థం కావాలంటే కొంచెం వెనక్కి, తెల్లవాడి కాలం నాటి విశాఖపట్నం జిల్లాకు వెళ్ళాలి.

"ఏజెన్సీ" అనే మాట ఎక్కడిది?

మన ప్రాంతాన్ని ఇప్పటికీ అందరూ ఏజెన్సీ అంటారు. మనమూ అంటాం. అది మన భాషల్లో పుట్టిన మాట కాదు. 1839లో కంపెనీ సర్కారు 24వ చట్టం తెచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల్లోని కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల కిందనుంచి, మామూలు పాలన కిందనుంచి తప్పించి, కలెక్టరు చేతిలో పెట్టింది. కొండ కింద ఆయన కలెక్టరు. కొండ మీద ఆయన గవర్నరుకి ఏజెంటు. ఆ ఏజెంటు చేతిలో ఉన్న నేలే ఏజెన్సీ అయింది. 1874లో షెడ్యూల్డ్ జిల్లాల చట్టం వచ్చింది. 1919 సంస్కరణల్లో మనవి "వెనుకబడిన ప్రాంతాలు" అయ్యాయి. 1935 చట్టంలో "పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు" అయ్యాయి. పేరు మారినప్పుడల్లా వాళ్ళు చెప్పిన కారణం ఒక్కటే: వీళ్ళు అమాయకులు, వీళ్ళకు రక్షణ కావాలి.

ఆ రక్షణ ఎట్లా ఉందో మీకు తెలుసు. 1879లో రంప ఎందుకు లేచింది? కల్లు తీసుకునే చెట్టు మీద కూడా చిగురుపన్ను వేశారు కాబట్టి. 1922లో మన్యం ఎందుకు లేచింది? అడవి మూసేశారు, పోడు ఆపేశారు, నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డుకి మనోళ్ళ చేత వెట్టి చేయించారు కాబట్టి. అల్లూరి దళం ఆ ఏడు ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది. ఆ మూడు పేర్లు ఇంకోసారి చదవండి. అంటే అప్పటికే కొండ మీదికి పోలీసు స్టేషన్ వచ్చేసింది. అటవీ శాఖ వచ్చేసింది. పన్ను వసూలు చేసేవాడు వచ్చేశాడు. రోడ్డు కూడా వస్తోంది.

రానిది ఏమిటి? ఓటు పెట్టె.

పెట్టె కంటే ముందు పట్టా

మద్రాసు ప్రెసిడెన్సీలో కొత్త శాసనమండలికి మొదటి ఎన్నికలు 1920 చివర్లో జరిగాయి. ప్రెసిడెన్సీ జనాభా నాలుగు కోట్ల పైన. ఓటర్లు 12 లక్షల చిల్లర. ఓటరు కావాలంటే పల్లెల్లో ప్రధానంగా భూమి ఉండాలి. ఏడాదికి కనీసం 10 రూపాయల విలువ కట్టిన భూమి పేరు మీద ఉండాలి. పట్టణంలోనైతే మున్సిపల్ పన్నో, ఆదాయపు పన్నో కట్టాలి.

ఇప్పుడు కొండ మీద పోడు కొట్టుకునే మనిషిని ఆ తక్కెడలో పెట్టి చూడండి. అతని భూమిని కొలిచింది ఎవరు? పట్టా ఇచ్చింది ఎవరు? కొండలు జమీందార్ల కిందో, ముఠాదార్ల కిందో ఉన్నాయి. ముఠాదారు సర్కారుకి కట్టుబడి, రైతు ముఠాదారుకి కట్టుబడి. సర్కారు పుస్తకంలో దున్నేవాడి పేరే లేదు. ఆ ముఠాలను రద్దు చేసి రైత్వారీ పట్టాలిచ్చే రెగ్యులేషన్ ఎప్పుడొచ్చిందో తెలుసా? 1969లో. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 22 ఏళ్ళకు.

కాబట్టి వరస ఇట్లా సాగింది. సర్వే కొండ కింద ఆగింది. సర్వే లేనిచోట పట్టా లేదు. పట్టా లేనివాడి పేరు ఓటరు జాబితాలో లేదు. జాబితాలో పేర్లే లేని ఊరికి పెట్టె ఎందుకు పంపుతారు? ఏ అధికారీ "ఆదివాసీకి ఓటు వద్దు" అని రాయక్కర్లేకపోయింది. ఎవరి చెయ్యీ కనపడకుండానే పని జరిగిపోయింది. ఈ మెలిక గుర్తుపెట్టుకోండి. ఇవాళ్టికీ మన విషయంలో జరుగుతున్నది ఇదే పద్ధతి.

1937లో ఓటర్ల సంఖ్య 60 లక్షలు దాటింది. చదువురాని ఓటరు కోసం మద్రాసులో రంగు పెట్టెలు పెట్టారు. కాంగ్రెసుది పసుపు పెట్టె. పేరు చదవలేకపోయినా రంగు చూసి చీటీ వెయ్యొచ్చు. అంటే చదువు రాకపోవడం పెద్ద అడ్డంకి కాదని, మనసుంటే మార్గం దొరుకుతుందని అప్పుడే తేలింది. మరి దూరం విషయంలో ఆ మనసు ఎందుకు రాలేదు?

ఆ చట్టం ప్రకారం మద్రాసు శాసనసభలో 215 సీట్లు. అందులో వెనుకబడిన ప్రాంతాలకు, తెగలకు కేటాయించింది ఒక్కటే ఒక్క సీటు. ఒడిశాలో 60 సీట్లకు అయిదు ఇచ్చారు గానీ, ఆ అయిదులో నాలుగు నామినేషన్‌తో నింపేవి. మన ప్రతినిధి ఎవరో కూడా గవర్నరు గారే చెప్తారన్నమాట. ఇంకోటి వినండి. శాసనసభ చేసిన చట్టం మన ప్రాంతానికి వర్తించాలంటే గవర్నరు నోటిఫికేషన్ ఇవ్వాలి. సభలో మనకు గొంతు లేదు, సభ మాట మన దాకా నేరుగా రాదు. దీనికి వాళ్ళు పెట్టిన పేరు రక్షణ.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ప్రత్యేక రక్షణలు వద్దని నేను అనడం లేదు. అయిదో షెడ్యూల్, 1/70 చట్టం లేకపోతే ఈపాటికి మన కాళ్ళ కింద నేల ఉండేది కాదు. కానీ రక్షణ పేరు చెప్పి గొంతు తీసేయడం వేరు, గొంతుతో పాటు రక్షణ ఇవ్వడం వేరు. మొదటిది తెల్లవాడి పద్ధతి. రెండోది రాజ్యాంగం మనకిచ్చిన మాట.

పెట్టె ఎక్కడ పెడితే నేల వాళ్ళదే

పోలింగ్ చోటు వెనక ఎంత అధికారం ఉందో చూడాలంటే సాలూరు పైన కొటియా గ్రామాల సంగతి చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు విశాఖపట్నం జిల్లాను కోసి జయపురం వైపు భాగాన్ని అటు కలిపారు. కొండ మీద ఆ గీత సరిగ్గా గియ్యలేదు. ఆ తప్పుకి ఇరవై ఒక్క గ్రామాలు రెండు రాష్ట్రాల మధ్య వేలాడుతున్నాయి. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2006లో కోర్టు ఆ దావాను తేల్చకుండా ముగించింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడి మూడు పంచాయతీల్లో ఎన్నికలు పెడితే ఒడిశా మళ్ళీ సుప్రీంకోర్టు తలుపు తట్టింది.

రెండు ప్రభుత్వాలూ అక్కడ పెట్టె పెట్టడానికి ఎందుకంత పట్టుపట్టాయి? ఎందుకంటే ఎవరి పెట్టె అక్కడుంటే ఆ నేల వాళ్ళదని రుజువు అవుతుంది. అంటే పోలింగ్ కేంద్రం విలువ ప్రభుత్వాలకు బాగా తెలుసు! తమ హద్దు నిలబెట్టుకోవాలంటే ఏ కొండైనా ఎక్కుతాయి. మన హక్కు నిలబెట్టాలంటే మాత్రం "దారి లేదు, భద్రత లేదు, సిబ్బంది లేరు" అంటాయి.

పోలవరం ముంపు మండలాల వాళ్ళదీ ఇదే గోస. 2014 ఏప్రిల్‌లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం ప్రజలు భద్రాచలం ఎమ్మెల్యేకి ఓటేశారు. కొన్ని నెలల్లోనే మండలాలు ఆంధ్రాలో కలిశాయి. ఎమ్మెల్యే తెలంగాణ సభలో, ఓటేసినవాళ్ళు ఆంధ్రాలో. మళ్ళీ రంపచోడవరం నియోజకవర్గంలో ఓటేసింది 2019లో. తమ ఊళ్ళు మునిగే ప్రాజెక్టు కడుతున్న ఆ అయిదేళ్ళూ వాళ్ళు ఓటేసి గెలిపించుకున్న మనిషి వాళ్ళ రాష్ట్రం సభలో లేడు.

ఇవాళ రూలు ఏం చెప్తుంది?

ఇప్పుడు పట్టా అడిగేవాడు లేడు. 18 నిండితే ఓటు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఎన్నికల సంఘం ఆమోదంతో జిల్లా ఎన్నికల అధికారి, అంటే కలెక్టరు, సరిపడా పోలింగ్ కేంద్రాలు ఏర్పాటు చేసి జాబితా ప్రకటించాలి. మామూలుగా ఏ ఓటరూ 2 కిలోమీటర్లు మించి నడవాల్సిన పని ఉండకూడదని సంఘం సూచన. ఒక కేంద్రానికి ఓటర్ల హద్దు 1500 ఉండేది, 2025లో 1200కి తగ్గించారు. పట్టణాల్లో పెద్ద పెద్ద అపార్టుమెంట్ల ఆవరణలోనే కేంద్రాలు పెట్టమని కూడా చెప్పారు. మంచిదే. లిఫ్టు దిగి ఓటేసి మళ్ళీ లిఫ్టు ఎక్కుతారు.

మరి మన సంగతి? రూలులోనే ఒక సందు ఉంది. కొండ ప్రాంతాల్లో, జనం పలచగా ఉన్నచోట 2 కిలోమీటర్ల లెక్కను సడలించుకోవచ్చు. ఎవరికి ఆ లెక్క ఎక్కువ అవసరమో వాళ్ళ దగ్గరే సడలిస్తారు! పైగా ఆ కిలోమీటర్లు ఎట్లా కొలుస్తారు? కాగితం మీద స్కేలు పెట్టి కొలిస్తే రెండు. కాలి బాటన కొండ దిగి, గెడ్డ దాటి, మళ్ళీ కొండ ఎక్కితే ఆరు. డోలీ మోసిన భుజాలకు తెలుసు, కొండ మీద దూరాన్ని కొలిచేది గంటలతో, కిలోమీటర్లతో కాదు.

ఇంకో సంగతి. 2024 మే 13న రాష్ట్రమంతా సాయంత్రం 6 దాకా పోలింగ్. అరకు, పాడేరు, రంపచోడవరంలో 4 గంటలకే ముగింపు. పాలకొండ, కురుపాం, సాలూరులో 5కి. భద్రత కారణం అన్నారు. బాగానే ఉంది. కానీ లెక్క చూడండి: దారి ఎవరికి పొడవో పొద్దు వాళ్ళకే పొట్టి. పట్నంలో అరగంటలో ఓటేసి వచ్చేవాడికి పదకొండు గంటలు. తెల్లారి జావ తాగి, చంటిపిల్లను కట్టుకుని నడిచొచ్చే తల్లికి తొమ్మిది గంటలు. ఆ తర్వాత పోలింగ్ శాతం తక్కువైతే చైతన్యం లేదంటారు.

దూరానికి ఇంకో ఖరీదు కూడా ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. కేంద్రం దూరమైతే జీపు కావాలి. జీపు ఎవరిది? కాంట్రాక్టరుదో, పార్టీ నాయకుడిదో. అభ్యర్థి తరఫున ఓటర్లను ఉచితంగా బండి ఎక్కించి తీసుకెళ్ళడం అదే చట్టం 123వ సెక్షన్ ప్రకారం అవినీతి చర్య. కానీ పది కిలోమీటర్లు నడవలేని ముసలాయన ఏం చేస్తాడు? ఆ బండే ఎక్కుతాడు. ఎక్కినవాడు దిగేలోపు గుర్తు ఏదో చెప్పించుకుంటాడు. అంటే దూరంగా పెట్టిన కేంద్రం ఓట్లను తగ్గించడమే కాదు, మిగిలిన ఓట్లను బండి ఉన్నవాడి చేతిలో పెడుతుంది. మన దగ్గర డబ్బుకీ మందుకీ ఓట్లు అమ్ముకుంటారని ఎగతాళి చేసేవాళ్ళు ఒక్కసారి ఈ దారి నడిచి చూడాలి.

వాళ్ళు చెప్పే కారణాలు

అధికారులు చెప్పేవన్నీ అబద్ధాలని నేననను. వాళ్ళు చెప్పే మాటల్లో ఆలోచించాల్సినవి ఉన్నాయి.

భద్రత అంటారు. సిబ్బంది ప్రాణాలూ ప్రాణాలే, అందులో మనవాళ్ళూ ఉంటారు. కానీ భద్రత పేరుతో కేంద్రాన్ని మండల కేంద్రానికి తరలిస్తే ప్రమాదం పోదు. సిబ్బంది మీదనుంచి తీసి ఓటరు మీద పెట్టినట్టు అవుతుంది. అడవి దారిన సిబ్బందికి భయమైతే అదే దారిన ఒంటరిగా నడిచే ఆడమనిషికి భయం ఉండదా? చెయ్యదల్చుకుంటే చెయ్యొచ్చని బస్తర్ చూపించింది. 2023 నవంబర్ ఎన్నికల్లో బస్తర్ ప్రాంతంలో 126 కొత్త పోలింగ్ కేంద్రాలు పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ ఊళ్ళవాళ్ళు సొంత ఊళ్ళో ఓటెయ్యడం అదే మొదటిసారి. దేశంలో అంతకంటే కష్టమైన నేల ఎక్కడుంది? అక్కడ కుదిరింది మన కొండల్లో కుదరదా? ఆ మాట సంతోషంతో పాటు కడుపు మంట కూడా రేపాలి. 1952 నుంచి 2023 దాకా ఆ 126 ఊళ్ళు ఎన్ని ఎన్నికలు నడిచి వెళ్ళి వేశాయో, ఎన్ని వెయ్యకుండా ఉండిపోయాయో!

రెండోది రహస్యం. ఇది నిజంగా బరువైన మాట. అరవై ఓట్లున్న గూడెంలో కేంద్రం పెడితే, లెక్కింపు కేంద్రాల వారీగా బయటకొస్తుంది కాబట్టి ఆ గూడెం ఎవరికి వేసిందో అందరికీ తెలిసిపోతుంది. ఓడినవాడు కక్ష కట్టొచ్చు, గెలిచినవాడు బోరు ఆపేయొచ్చు. కానీ దీనికి మందు కేంద్రాన్ని దూరం జరపడం కాదు. పలు కేంద్రాల ఓట్లను కలిపి లెక్కించే టోటలైజర్ మిషను గురించి ఎన్నికల సంఘమే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ 255వ నివేదికలో అది పెట్టమని చెప్పింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. కాబట్టి రహస్యం అనే కారణం చెప్పేవాళ్ళను టోటలైజర్ ఎందుకు వద్దన్నారని అడగండి.

మరి మనం ఏం చెయ్యాలి?

కోపం పోస్టులు చాలా పెట్టాం. ఇప్పుడు కాగితం పని చేద్దాం. తెల్లవాడి కాలంలో మన పేరు లేకుండా చేసింది కాగితమే. దాన్ని తిరిగి రాయాల్సింది కూడా కాగితం మీదే.

మొదటిది. పోలింగ్ కేంద్రాల జాబితా రాత్రికి రాత్రి ఊడిపడదు. ఓటర్ల జాబితా సవరణకు ముందు కేంద్రాల హేతుబద్ధీకరణ అని చేస్తారు. ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు అడుగుతారు. పార్టీల వాళ్ళతో మీటింగు పెడతారు. ఆ మీటింగుకి మన తరఫున ఎవరెళ్తున్నారు? చాలాచోట్ల మండల కేంద్రంలో షాపున్న నాయకుడే వెళ్తాడు, ఆయనకి మన గూడెం దారే తెలీదు. ముసాయిదా ఎప్పుడొస్తుందో బీఎల్ఓని, తహసీల్దారు ఆఫీసుని ఇప్పట్నుంచే అడుగుతూ ఉండండి. అది వచ్చిన రోజే వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి.

రెండోది. మీ గూడెం పటం మీరే గియ్యండి. ఇంటి నుంచి కేంద్రం దాకా నడిచి, ఫోన్లో టైము చూసుకుని రాయండి. వానాకాలం ఎంతసేపు, ఎండాకాలం ఎంతసేపు. ఎన్ని గెడ్డలు దాటాలి, వంతెన ఉందా. ముసలాళ్ళెంతమంది, నడవలేనివాళ్ళెంతమంది, గర్భిణులెంతమంది. నది, కొండ లాంటి అడ్డంకులు దాటించకుండా కేంద్రం పెట్టాలన్నది ఎన్నికల సంఘం ఆలోచనలోనే ఉంది. ఆ అడ్డంకి ఎక్కడుందో చూపించాల్సింది మనం.

మూడోది. గ్రామసభ తీర్మానం. పెసా చట్టం 1996లో వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లో రూల్స్ 2011లో వచ్చాయి. మైనింగ్ లీజు వచ్చినప్పుడే గ్రామసభ గుర్తొస్తే సరిపోదు. "మా గూడేనికి ఫలానా బడిలో కేంద్రం కావాలి" అని తీర్మానం చేసి, సంతకాలు, వేలిముద్రలు పెట్టించి, పటం జత చేసి నియోజకవర్గ ఓటరు నమోదు అధికారికీ, కలెక్టరుకీ, ఐటీడీఏ పీవోకీ ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ గాలిలో మాట.

నాలుగోది. పెట్టె కంటే ముందు జాబితా. 1920లో నేర్చుకున్న పాఠం ఇదే. పేర్లు లేని ఊరికి పెట్టె రాదు. 18 నిండిన ప్రతి ఒక్కరి చేత ఫారం 6 పెట్టించండి. పెళ్ళయి వేరే గూడెం వెళ్ళిన ఆడపిల్లలకు ఫారం 8 పెట్టించండి. ఒక్క గూడెంలో యాభై పేర్లు బయటే ఉండిపోతే, "ఇక్కడ ఓటర్లు తక్కువ" అని మన మీదే రాస్తారు.

అయిదోది. పోలింగ్ టైము. భద్రత పేరుతో సాయంత్రం రెండు గంటలు తగ్గిస్తే, ఆ రెండు గంటలకు బదులుగా మాకు ఏమిస్తారని అడగండి. దగ్గర్లో ఇంకో కేంద్రమా? ఏ పార్టీకీ చెందని సర్కారు బండా? ఏదో ఒకటి ఇవ్వాలి.

మీలో ఒకరు అనుకోవచ్చు: అన్నా, కేంద్రం దగ్గరికొస్తే బతుకు మారిపోతుందా, ఎవడు గెలిచినా ఒకటే కదా అని. నిజమే, పెట్టె ఒక్కటే అన్నం పెట్టదు. కానీ ఒక్క మాట ఆలోచించండి. పోలింగ్ కేంద్రం రావాలంటే ఆ ఊరికి బడి గది ఉండాలి, కరెంటు ఉండాలి, నీళ్ళుండాలి, వీల్‌చైర్ ఎక్కే వాలు ఉండాలి, అధికారి నడిచొచ్చే దారి ఉండాలి. మన గూడెంలో కేంద్రం అడగడం అంటే ఇవన్నీ ఒక్క అర్జీలో అడగడం. అయిదేళ్ళకొకసారైనా సర్కారు మన గుమ్మం దాకా నడిచి వచ్చి, మన పేరు చదివి, మన వేలికి సిరా పూసి వెళ్ళాలని అడగడం.

1839లో సర్కారు కొండెక్కింది ఏలడానికి. 1879లో పన్నుకి, 1922లో తుపాకులతో. వాళ్ళకి కావాల్సినప్పుడల్లా దారి దొరికింది. ఓటు పెట్టెకి కూడా దొరుకుతుంది. మనం అడిగిన రోజు.

ఈ నెల గ్రామసభలో అడుగుదాం.

జోహార్! జల్, జంగల్, జమీన్ మనవే. ఓటు పెట్టె కూడా మన గూడెందే.